కొత్త శాటిలైట్ రికార్డర్: ఆరాధన రోజున ఇంట్లో ఎవరూ ఉండరు, దానంతట అదే రికార్డ్ చేయాలి. ఎలా పరీక్షించాలి?

తెనాలి గాలి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ల ఉచిత శాటిలైట్ సేవ) కోసం కొత్త బాక్స్ పెట్టుకున్నాం. వెనక యూఎస్‌బీ పోర్టు ఉంది, హార్డ్‌డిస్క్ తగిలిస్తే రికార్డ్ చేస్తుంది. బొమ్మ బాగానే వస్తోంది. రికార్డింగ్ మీదే నాకింకా నమ్మకం కుదరలేదు.

సంగతి చెబుతాను. అమ్మ సంగీతం పాఠాలు చెబుతుంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది కదా, పంచరత్న కీర్తనల గోష్ఠిగానాన్ని దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. సరిగ్గా అదే సమయానికి మా ఊరి గుడిలోనూ ఆరాధన ఉంటుంది, అమ్మ తన పిల్లలతో అక్కడ పాడుతుంది. మేమంతా అక్కడే ఉంటాం. అందుకని అమ్మ ఆ ప్రసారం ఎప్పుడూ పూర్తిగా చూసింది లేదు. ఈసారి టైమర్ పెట్టి వెళ్లిపోవాలని, వచ్చేసరికి మొత్తం రికార్డయి ఉండాలని నా కోరిక.

ఇప్పటి పరిస్థితి ఇది. డాబా మీద 60 సెంటీమీటర్ల డిష్, కిందికి ఒకటే కేబుల్. బాక్స్‌లో చూస్తే సిగ్నల్ స్ట్రెంత్ 80 పైన, క్వాలిటీ 55 దగ్గర చూపిస్తోంది. రెండున్నర అంగుళాల పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌ని కేసులో పెట్టి తగిలించాను. గంటసేపు రికార్డ్ చేసి చూస్తే అక్కడక్కడా బొమ్మ గళ్లుగళ్లుగా పగిలి, మాట మధ్యలో తెగిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పండగల హడావుడిలో పడకముందే అన్నీ తేల్చుకోవాలనుంది.

సాగర్ రోడ్

ఇంత శ్రమ ఎందుకండీ? ప్రసార భారతి యూట్యూబ్‌లో కూడా పెడుతోంది కదా. లేదంటే డీటీహెచ్ కంపెనీల రికార్డర్ బాక్స్ ఒకటి తీసుకోండి. మా ఇంట్లో అదే వాడుతున్నాం, కార్యక్రమాల పట్టికలో బటన్ నొక్కితే చాలు, రోజూ వచ్చే సీరియల్ అయినా వరసగా దానంతట అదే రికార్డ్ చేసుకుంటుంది.

తెనాలి గాలి

యూట్యూబ్ సంగతి తెలుసండీ, రెండో ఏర్పాటుగా అదీ ఉంచుకుంటాం. అయితే అమ్మ దాన్ని పిల్లలకు ముక్కలు ముక్కలుగా వినిపించి పాఠం చెప్పాలి. ఒక్కో చరణం ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినిపించాలి. నెట్ ఉన్నా లేకపోయినా చేతిలో ఫైల్ ఉండాలి. డీటీహెచ్ రికార్డర్‌లో రికార్డ్ చేసింది పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చా?

ఓరుగల్లు కోట

తీసుకోలేరు అక్కా. డీటీహెచ్ రికార్డింగ్‌కి తాళం ఉంటది, అది ఆ బాక్స్‌లో, ఆ కార్డుతోనే తెరుచుకుంటది. డిస్క్ ఊడదీసి ల్యాప్‌టాప్‌కి పెట్టినా ఏమీ కనబడదు. బాక్స్ పాడై కొత్తది ఇస్తే పాత రికార్డింగులన్నీ పోయినట్టే. మా బాబాయి ఇంట్లో పెళ్లప్పుడు లోకల్ ఛానల్‌లో వచ్చిన వీడియో అట్లనే పోయింది. దూరదర్శన్ ఛానళ్లు తాళం లేకుండా వస్తయి కాబట్టి మీ బాక్స్ రాసే ఫైల్ మామూలు ఫైలే. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరుచుకుంటది. మీ అవసరానికి మీరు కొన్నదే సరైంది.

పాత టేపురికార్డర్

అమ్మా, ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ బాక్సులు క్యాసెట్ రికార్డర్‌లా పనిచేయవు. పైనుంచి వచ్చేదే కుదించిన డిజిటల్ ప్రవాహం. అది 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. బాక్స్ మీకు కావలసిన ఛానల్ ప్యాకెట్లు ఏరుకుని, వాటిని ఉన్నవున్నట్టు డిస్క్ మీద రాస్తుంది. మళ్లీ కుదించడం, మార్చడం ఉండదు. అంటే ప్రత్యక్షంగా చూసేటప్పుడు ఎంత నాణ్యత ఉందో రికార్డింగ్‌లోనూ అంతే ఉండాలి. రవ్వంత కూడా తగ్గకూడదు.

కాబట్టి మీ లోపం ఎక్కడుందో తేల్చడం తేలిక. రికార్డింగ్ పెట్టి, అదే ఛానల్ ఎదుట కూర్చుని చూడండి. గడియారం దగ్గర పెట్టుకోండి. తెర మీద బొమ్మ పగిలినప్పుడల్లా సమయం రాసుకోండి. తర్వాత రికార్డింగ్ వేసి, అవే చోట్ల పగిలిందా చూడండి. రెండూ ఒకేచోట పగిలితే లోపం డిష్ నుంచి బాక్స్ దాకా ఉన్న దారిలో ఉంది. ప్రత్యక్షంలో శుభ్రంగా ఉండి రికార్డింగ్‌లో మాత్రమే పగిలితే డిష్ జోలికి వెళ్లకండి. లోపం బాక్స్ నుంచి డిస్క్ మధ్యలో ఉంది.

ఇంకో లెక్క. మామూలు ఛానల్ సెకనుకు సుమారు 3 మెగాబిట్లు ఉంటుందనుకుందాం. అంటే సెకనుకు అర మెగాబైటు కూడా లేదు, గంటకు 1.35 గిగాబైట్లు. ఎంత పాత హార్డ్‌డిస్క్ అయినా ఇంతకు ఎన్నో రెట్లు వేగంగా రాయగలదు. కాబట్టి డిస్క్ నెమ్మది అనుకుని కొత్తది కొనకండి.

మిద్దె మీద డిష్

సార్ చెప్పిన పరీక్ష చేయండి మేడమ్. నేను ఈ పనిలోనే ఉన్నాను, గుంటూరు చుట్టుపక్కల. నా అనుమానం డిస్క్‌కి కరెంటు చాలడం లేదని. రెండున్నర అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది అర ఆంపియరే. మంచి బాక్సులు కాస్త ఎక్కువే ఇస్తాయి గానీ చవక రకాల్లో ఆ గ్యారంటీ లేదు. డిస్క్ దగ్గర చెవి పెట్టి వినండి. టిక్కుమని ఆగి, మళ్లీ జుయ్‌మని లేస్తుంటే అదే జబ్బు.

తెనాలి గాలి

నిన్న రాత్రి పరీక్ష చేశాను. మీరిద్దరూ చెప్పింది చెప్పినట్టే ఉంది. ప్రత్యక్షంలో గంటసేపట్లో ఒక్కసారీ పగల్లేదు. అదే గంట రికార్డింగ్‌లో మాత్రం చాలాచోట్ల తెగింది.

డిస్క్ కేసు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. మామూలుగా సన్నటి అదురు ఉంటుంది. ఉన్నట్టుండి ఆ అదురు ఆగిపోయింది, లోపల టిక్కుమంది, కేసు మీది నీలం లైటు ఆరింది. రెండు మూడు సెకన్లకు లైటు వచ్చింది, మళ్లీ తిరగడం మొదలైంది. తెర మీద రికార్డింగ్ ఎర్ర చుక్క మాత్రం కదలకుండా అలాగే ఉంది! బాక్స్‌కి తాను రాయడం లేదనే తెలియలేదన్నమాట. తర్వాత వేసి చూస్తే సరిగ్గా అక్కడే బొమ్మ తెగింది.

మిద్దె మీద డిష్

ఇక అనుమానమే లేదు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ తెచ్చి మధ్యలో పెట్టండి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఉన్నది చాలు. అడాప్టర్ లేని హబ్ తేవద్దు, అది ఉన్న కరెంటునే పంచుతుంది. ఎర్ర చుక్కను ఎప్పుడూ నమ్మకండి. మా కస్టమర్లకు నేను చెప్పేది ఒకటే, ఫైల్ వేసి చివరిదాకా చూస్తేనే రికార్డ్ అయినట్టు.

సాగర్ రోడ్

హార్డ్‌డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ పెడితే ఈ గొడవే ఉండదు కదా?

పాత టేపురికార్డర్

కరెంటు గొడవ ఉండదు, నిజమే. అయితే చవక పెన్‌డ్రైవ్‌లకు వేరే బలహీనత ఉంది. కాసేపు చకచకా రాస్తాయి, ఉన్నట్టుండి లోపలి సర్దుబాట్లకని ఓ రెండు సెకన్లు ఆగిపోతాయి. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఆ ఆగడం మనకు తెలియదు. ప్రత్యక్ష ప్రసారం మాత్రం దాని కోసం ఆగదు కదా. బాక్స్‌లో తాత్కాలికంగా దాచుకునే చోటు తక్కువగా ఉంటే ఆ రెండు సెకన్లూ పోతాయి. మంచి రకం పెన్‌డ్రైవ్ అయితే పర్వాలేదు. ఏది పెట్టినా పరీక్ష మాత్రం అదే.

ఫార్మాట్ గురించి కూడా చెబుతాను. ఎఫ్ఏటీ32 అనే డిస్క్ ఫార్మాట్‌లో ఒక్కో ఫైల్ 4 గిగాబైట్లకు మించదు. అందుకే చాలా బాక్సులు రికార్డింగ్‌ని ముక్కలుగా కోసి రాస్తాయి. మామూలు ఛానల్‌లో రెండు మూడు గంటలైతే ఆ హద్దు తగలదు. హెచ్‌డీ ఛానల్ సెకనుకు 8 మెగాబిట్లు ఉంటే గంటకు 3.6 గిగాబైట్లు, రెండో గంటలోకి వెళ్లగానే ముక్క మారుతుంది. ముక్క మారేచోట పాట తెగుతుందేమో తప్పకుండా చూడండి. మీ బాక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ తీసుకుంటే అదే మేలు.

లెస్టర్ గోదారి

ఇక్కడ బ్రిటన్‌లో మాకు ఫ్రీశాట్ అని ఉంది. బీబీసీ, ఐటీవీ కలిసి 2008 లో మొదలుపెట్టాయి, నెలనెలా కట్టేదేమీ లేదు. మన ఫ్రీ డిష్‌కి వరసకి అన్న అనుకోండి. మా రికార్డర్‌కి డిష్ నుంచి రెండు కేబుళ్లు వస్తాయి. కొత్తగా పెట్టినప్పుడు నేను చేసిన మొదటి పరీక్ష, ఒకేసారి రెండు ఛానళ్లు రికార్డింగ్ పెట్టి, ఇంతకుముందు రికార్డ్ చేసిన మూడోది చూడటం. డిస్క్ మీద అన్నిటికన్నా ఎక్కువ బరువు పడేది అప్పుడే. అది గంటసేపు తట్టుకుంటే ఇక చింత లేదు.

గాలి గారూ, మీకు ఒకే కేబుల్ అన్నారు. ఒకటి రికార్డ్ అవుతుండగా నాన్నగారు ఇంకోటి చూడాలంటే కుదురుతుందా?

తెనాలి గాలి

అదే అడగబోతున్నానండీ. డీడీ భారతి రికార్డ్ పెట్టి వేరే ఛానల్‌కి మారుదామంటే ఒక్కోసారి మారుస్తోంది, ఒక్కోసారి "రికార్డింగ్ ఆపనా?" అని అడుగుతోంది. ఏ ఛానళ్లకు ఒప్పుకుంటుందో, ఏవాటికి ఒప్పుకోదో అర్థం కావడం లేదు.

పాత టేపురికార్డర్

దానికో లెక్క ఉందమ్మా. పైనుంచి ఛానళ్లు విడివిడిగా రావు. ఒక్కో ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలోని ప్రసార పరికరం) మీద చాలా ఛానళ్లు కట్టగా వస్తాయి. ఫ్రీ డిష్‌లో 11090 ఫ్రీక్వెన్సీ మీద ఒక కట్ట ఉంది, అలాంటివి ఇంకొన్ని. మీ బాక్స్‌లో ట్యూనర్ ఒకటే. అది ఒక సమయంలో ఒక కట్టనే పట్టుకోగలదు. ఆ కట్టలో ఉన్న ఛానళ్లలో ఒకటి రాస్తూ ఇంకోటి చూపించగలదు. వేరే కట్టలోకి వెళ్లాలంటే ట్యూనర్‌ని మార్చాలి, రికార్డింగ్ ఆగుతుంది. అందుకే అడుగుతోంది.

ఛానల్ చూస్తున్నప్పుడు ఇన్ఫో బటన్ రెండుసార్లు నొక్కితే చాలా బాక్సుల్లో ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది. ఏ ఛానళ్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నాయో కాగితం మీద రాసుకోండి, నాన్నగారికి ఆ చీటీ ఇచ్చేయండి.

లెస్టర్ వారికి రెండు కేబుళ్లు ఎందుకంటే, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మ చివర సిగ్నల్ అందుకునే పరికరం) ఏం పంపాలో బాక్సే ఆజ్ఞ ఇస్తుంది, అదీ ఆ కేబుల్ మీదే. 13 వోల్టులు పంపితే నిలువు (వర్టికల్) తరంగాలు, 18 పంపితే అడ్డం (హారిజాంటల్) తరంగాలు. పై బ్యాండు (ఎక్కువ ఫ్రీక్వెన్సీలు) కావాలంటే 22 కిలోహెర్ట్జ్ టోన్. ఒక తీగ మీద ఒకేసారి రెండు ఆజ్ఞలు పోవు. ఇప్పుడు ఒకే తీగ మీద చాలా ట్యూనర్లకు పంచే ఎల్ఎన్‌బీలూ వచ్చాయి గానీ వాటికి బాక్స్ కూడా సరిపోవాలి.

తెనాలి గాలి

హబ్ పెట్టాను. మూడు గంటల రికార్డింగ్ మొత్తం వేసి చూశాం, నాన్న, నేను వంతులు వేసుకుని. ఎక్కడా తెగలేదు! అందరికీ చాలా చాలా థాంక్స్. ఇక టైమర్ పెట్టి గుడికి వెళ్లిపోవచ్చా?

మిద్దె మీద డిష్

ఆగండి మేడమ్. మీ క్వాలిటీ 55 దగ్గరుంది అన్నారు, అది నాకు నచ్చలేదు. ఒక్కో బాక్స్ ఒక్కో లెక్కలో చూపిస్తుంది కాబట్టి అంకె ఒక్కటే పట్టుకోకూడదు. అయినా స్ట్రెంత్ 80 దాటి క్వాలిటీ ఇంత తక్కువ ఉందంటే ఎక్కడో ఏదో ఉంది. స్ట్రెంత్ అంటే రొదతో సహా వస్తున్నదంతా కలిపి, క్వాలిటీ అంటే అందులో మనకు పనికొచ్చేది. డిజిటల్‌లో గీత దాటేదాకా బొమ్మ అద్దంలా ఉంటుంది, గీత కింద పడితే ఒక్కసారే పోతుంది. ఇప్పుడు బాగుంది కదా అని ఊరుకుంటే మబ్బు పట్టిన రోజున దొరికిపోతారు.

తెనాలికి ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15, అంటే 93.5 డిగ్రీల తూర్పు, దిక్సూచి ప్రకారం 141 దగ్గర ఉంటుంది. ఆగ్నేయం మూల నుంచి కాస్త దక్షిణానికి. ఎత్తు 66 డిగ్రీలు. డిష్ చూడటానికి అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఎందుకంటే ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, వాటి చూపు రేకు వాలు కన్నా పైకే ఉంటుంది. ముందు కొబ్బరిచెట్లేమైనా ఉన్నాయా?

తెనాలి గాలి

ఆగ్నేయం వైపే పక్కింటి వాళ్ల కొబ్బరిచెట్టు ఉంది. డిష్‌కి అయిదారు మీటర్ల దూరంలో. డాబా మట్టం నుంచి చూస్తే ఇంకో నాలుగు మీటర్లు పైకి ఉంటుందేమో.

పాత టేపురికార్డర్

అది అడ్డం కాదు. 66 డిగ్రీల ఎత్తు అంటే అయిదు మీటర్ల దూరంలో ఉన్న చెట్టు డిష్ కన్నా సుమారు పదకొండు మీటర్లు పైకి పెరిగితేనే దారికి వస్తుంది. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల ఈ సుఖం. లెస్టర్‌లో అయితే ఇంటి ఎదుటి కప్పు కూడా అడ్డం వస్తుంది.

లెస్టర్ గోదారి

అక్షరాలా నిజం. మాకు ఉపగ్రహం ఆకాశంలో చాలా కిందికి ఉంటుంది. మా వీధిలో ఒకాయన ఎదురింటి చెట్టు ఆకులు వేసినప్పుడల్లా ఛానళ్లు పోతున్నాయని డిష్‌ని చిమ్నీ మీదికి మార్పించాడు.

మిద్దె మీద డిష్

చెట్టు కాకపోతే కేబుల్ చివర చూడండి. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పండి. విప్పేముందు బాక్స్ ప్లగ్ పీకేయండి, తప్పకుండా. కేబుల్‌లో కరెంటు ఉంటుంది, తీగ తగిలి షార్ట్ అయితే బాక్స్ ట్యూనర్ పోతుంది. మధ్య రాగి తీగ మెరుస్తుండాలి. చుట్టూ ఉన్న జడ తీగలో ఒక్క పోచ కూడా మధ్య తీగకు తగలకూడదు. అది సరిచేశాక ఇంట్లో ఒకరు తెర ముందు కూర్చుని ఫోన్‌లో అంకె చెబుతుంటే, మీరు ఎల్ఎన్‌బీని దాని క్లాంపులోనే మెల్లగా తిప్పండి, గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా. డిష్ నట్లు ఇప్పుడే ముట్టుకోవద్దు.

తెనాలి గాలి

ఇవాళ ఆదివారం కదా, తమ్ముడిని కింద కూర్చోబెట్టి పైకెక్కాను. కనెక్టర్ విప్పగానే దొరికింది. మధ్య తీగ మొదట్లో పచ్చటి చిలుము, కనెక్టర్ గుల్లలో ఒక చుక్క నీళ్లు కూడా ఉన్నాయి. జడ తీగలో ఒక పోచ వంగి లోపలికి వచ్చి ఉంది. ఆ చివర కోసేసి, కొత్త కనెక్టర్ వేయించాను. తర్వాత ఎల్ఎన్‌బీని మెల్లగా తిప్పుతుంటే తమ్ముడు "65... 68... 71... 70, వెనక్కి, వెనక్కి" అని కేకలు. 72 దగ్గర ఆపి బిగించాను. స్ట్రెంత్ మాత్రం ఉన్నదున్నట్టే ఉంది, మీరన్నట్టే.

మిద్దె మీద డిష్

శభాష్ మేడమ్! ఇప్పుడు కనెక్టర్ మీద వాటర్‌ప్రూఫ్ టేపు కింది నుంచి పైకి చుట్టండి, అప్పుడు మడతలు నీళ్లను కిందికే జారుస్తాయి. ఎల్ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని ఒక చిన్న చుట్టు కిందికి వదలండి, వాన నీరు ఆ చుట్టు దగ్గరే రాలిపోతుంది, కనెక్టర్‌లోకి పోదు. ఇంట్లోకి వచ్చేచోట కూడా అంతే.

ఓరుగల్లు కోట

అక్కా, అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. కరెంటు. గుడిలో ఉండగా కరెంటు పోయి వస్తే మీ బాక్స్ ఏం చేస్తది? ఈ బాక్సుల్లో చాలావాటికి లోపల సొంత గడియారం ఉండదు. సమయం కూడా పైనుంచి వచ్చే సిగ్నల్‌లోంచే తీసుకుంటయి. కరెంటు వచ్చాక స్టాండ్‌బైలో ఎర్రలైటుతో పడుకుంటే దానికి టైమెంతో తెలియదు, టైమర్ మోగదు. నిన్న ఒక్కసారి ప్లగ్ పీకి పెట్టి చూస్తే మా బాక్స్ 00:00 చూపించుకుంట అట్లనే కూర్చుంది.

పాత టేపురికార్డర్

చాలా మంచి మాట చెప్పారు. దానికి తోడు ఇంకోటి. సిగ్నల్‌లో వచ్చే సమయం మన సమయం కాదు, అంతర్జాతీయ ప్రామాణిక సమయం. బాక్స్ దానికి మన 5:30 కలుపుకుని చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ +5:30 అని ఉందో లేదో చూడండి. కొన్ని బాక్సుల్లో అరగంటల జోన్ ఎంచుకునే వీలు వెతికితేగానీ దొరకదు. అది తప్పితే ఉదయం తొమ్మిదికి పెట్టిన టైమర్ మధ్యాహ్నం రెండున్నరకు లేస్తుంది.

తెనాలి గాలి

టైమ్ జోన్ సరిగ్గానే ఉంది. కరెంటు పరీక్ష చేశాను. మా బాక్స్ కూడా స్టాండ్‌బైలోనే లేచింది, టైమర్ మోగలేదు. సెట్టింగ్స్ అన్నీ వెతికితే "పవర్ ఆన్ మోడ్" అని ఒకటి కనబడింది. దాన్ని "చివరి స్థితి"కి మార్చాను. ఇప్పుడు బాక్స్ ఆన్‌లో ఉంచి ప్లగ్ పీకి పెడితే ఆన్‌లోనే లేస్తోంది, సిగ్నల్ అందుకోగానే గడియారం సరిపోతోంది, తర్వాతి టైమర్ మోగుతోంది. కాకపోతే రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే మిగతాది రాయడం లేదు. అక్కడితో ఆగిపోతోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, టీవీ కూడా దాని మీదే ఉంది. అయినా కరెంటు పోయినప్పుడు బాక్స్ ఒక్కసారి ఆరి వెలుగుతోంది.

మిద్దె మీద డిష్

ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ ఉంటుంది చూడండి, ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు నార్మల్ లేదా ఎకో అని. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి తీసుకునే ఆ కాస్త టైము ఫ్యాన్లకూ లైట్లకూ తెలియదు గానీ, ఇలాంటి బాక్సులు రీస్టార్ట్ అవుతాయి. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. అప్పటికీ ఆరితే, రౌటర్‌కి వాడే మినీ యూపీఎస్ దొరుకుతుంది. మీ బాక్స్ అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉంటే పనికొస్తుంది, ఆంపియర్లూ పిన్నూ సరిపోయిందో చూసుకుని కొనండి. హబ్ అడాప్టర్‌ని మర్చిపోకండి. బాక్స్ నిలబడి డిస్క్ ఆరిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

తెనాలి గాలి

స్విచ్ యూపీఎస్ వైపు తిప్పాను. రికార్డింగ్ నడుస్తుండగా మెయిన్ ఆపి వేసి, ఆపి వేసి చూశాం. బాక్స్ కదల్లేదు, డిస్క్ లైటు ఆరలేదు. వేసి చూస్తే ఆ చోట్ల రికార్డింగ్‌లో చిన్న మచ్చ కూడా లేదు. అమ్మ అప్పుడే పాఠం అయి వచ్చి, "ఇక నేను నిశ్చింతగా పాడుకోవచ్చా?" అంది.

సాగర్ రోడ్

చదువుతుంటే నాకే ముచ్చటేసింది. ఒక్క సందేహం. కార్యక్రమాల పట్టికలోంచి టైమర్ పెడుతున్నారా, చేత్తో సమయం వేస్తున్నారా?

పాత టేపురికార్డర్

నన్నడిగితే చేత్తోనే వేయమంటాను. ప్రత్యక్ష ప్రసారాలు పట్టికలో ఉన్న సమయానికి మొదలవ్వాలని లేదు, ముగియాలని అసలే లేదు. మొదట పావుగంట ముందు నుంచి, చివర ఒక గంట ఎక్కువగా పెట్టండి. ఆ అదనపు గంటకు ఒకటిన్నర గిగాబైట్ల చోటు పోతుంది, అంతే. గోష్ఠిగానం చివరి కీర్తన సగంలో తెగితే ఆ బాధ ఏడాదంతా ఉంటుంది. దూరదర్శన్‌లో ఏ ఛానల్‌లో వస్తుందో ముందు రోజు సాయంత్రం సరిచూసుకోండి.

ఒక పూర్తి రిహార్సల్ కూడా చేయండి. ఆరాధన రోజున ఎలా ఉంటుందో అలాగే. అదే ఛానల్, అదే సమయం, అంతే నిడివి. టైమర్ పెట్టి, టీవీ ఆపేసి, ఇంటికి తాళం వేసి అందరూ బయటికి వెళ్లండి. టీవీ ఆఫ్ చేసినప్పుడు హెచ్‌డీఎంఐ ద్వారా బాక్స్‌ని కూడా ఆపేసే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది. మనం ఎదురుగా కూర్చుని చేసే పరీక్షల్లో అది బయటపడదు.

తెనాలి గాలి

రిహార్సల్ చేశాం. టైమర్ పెట్టి అందరం మంగళగిరి వెళ్లాం. వచ్చేసరికి ఫైల్ సిద్ధంగా ఉంది, మొదలూ చివరా పెట్టినట్టే ఉన్నాయి. అనుకోకుండా ఆ పూట ఒక సంగీత కచేరీ వచ్చిందట. ల్యాప్‌టాప్‌లో వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అమ్మ మొత్తం విన్నది. తంబూర శ్రుతి ఎక్కడా తెగలేదని, మృదంగం కుడి ఎడమలు విడివిడిగా వినిపిస్తున్నాయని చెప్పింది. నా కళ్లకు కనబడని, తెగిన చోట్లు అమ్మ చెవులకు దొరుకుతాయి, కాబట్టి ఆ మాట నాకు అన్ని అంకెల కన్నా పెద్ద సర్టిఫికెట్.

టీవీ ఆపితే బాక్స్ ఆగే ఏర్పాటు మా టీవీలో ఉంది. మీరు చెప్పబట్టి ముందే తీసేశాను. బాక్స్ రికార్డింగుల్ని ఒక ఫోల్డర్‌లో వేసుకుంటోంది. వాటిలోంచి ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పిల్లల ఇళ్లల్లో వేసి చూశాం, ఫోన్‌లో కూడా వీఎల్‌సీలో వస్తోంది.

విశాఖ అల

గాలి గారి పోస్టులు చూసి మేమూ అలాంటి బాక్సే పెట్టుకున్నాం. నాకు రెండు సందేహాలు. పోయిన మార్చిలో పాత బాక్స్‌తో కొన్నాళ్లు పగలు పదకొండు ప్రాంతంలో బొమ్మ కాసేపు పోయి మళ్లీ వచ్చేది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఏప్రిల్ మొదట్లో ఇంకో వింత, రోజూ రికార్డయ్యే ఛానల్ స్థానంలో వేరే ఛానల్ రికార్డయి ఉంది. కొత్త బాక్స్‌తో కూడా ఇలా అవుతుందా?

మిద్దె మీద డిష్

రెండోది ముందు చెబుతాను. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్ల స్లాట్లు వేలంలో ఇస్తారు, సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి కొత్త ఏడాది లెక్క. కొన్ని ఛానళ్లు పోతాయి, కొన్ని వస్తాయి, కొన్ని స్లాట్ మారతాయి. మీ టైమర్ పాత స్థానాన్నే పట్టుకుని ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి పూర్తిగా స్కాన్ చేసి, పాత టైమర్లన్నీ తీసేసి కొత్తగా పెట్టుకోండి. ఎంపెగ్-4 (వీడియోని కుదించే కొత్త పద్ధతి) స్లాట్లలో వచ్చినవి పాత ఎంపెగ్-2 బాక్సుల్లో రావు, మీ కొత్తదానిలో వస్తాయి.

పాత టేపురికార్డర్

మొదటిది సూర్యుడి వల్ల. విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) దగ్గర కొన్ని రోజుల పాటు సూర్యుడు మన డిష్ చూపులో సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన రేడియో రొదలో ఉపగ్రహం సిగ్నల్ మునిగిపోతుంది. మన ప్రాంతానికి, ఈ ఉపగ్రహానికి మార్చి రెండో వారం చుట్టూ, మళ్లీ సెప్టెంబరు చివరి రోజుల్లో వస్తుంది, పగలు పదకొండు అటూ ఇటూ. రోజుకు కొద్ది నిమిషాలే, నాలుగైదు రోజుల్లో దానంతట అదే పోతుంది. ఏ బాక్స్ పెట్టినా తప్పదు, రిపేరు ఏమీ లేదు. ఆ వేళ డాబా ఎక్కి చూస్తే డిష్ రేకు మీద పడి తిరిగిన ఎండ వెలుగు ఎల్ఎన్‌బీ మీద పడుతూ కనిపిస్తుంది.

ఆరాధన వచ్చేది పుష్యంలో కాబట్టి గాలి గారికి దీని భయం లేదు. మీరు మాత్రం ఆ రోజుల్లో సిగ్నల్ పోయిందని డిష్ నట్లు వదులు చేయకండి. పావుగంట ఆగి మళ్లీ క్వాలిటీ చూడండి.